గుట్టలకు ఫిష్‌ఐ పెట్టిన రోజులు

శంషాబాద్ చుట్టుపక్కల పర్వతాలున్నాయని మీలో ఎంతమందికి తెలుసు? నాకూ తెలియదు. పుట్టి పెరిగింది ఇక్కడే అయినా, యాభై ఏళ్లు దగ్గరపడేదాకా ఆ సంగతి నా చెవిన పడలేదు. 2008లో విమానాశ్రయం మొదలయ్యాక ఒక రంగుల బ్రోచర్ చూసి తెలుసుకున్నాను. "పర్వత సానువుల్లో మీ సొంత స్థలం" అని ఉంది అందులో. ఆ బ్రోచర్ వేసింది నేను పనిచేసే ఏజెన్సీయే. అట్ట మీది పర్వతాన్ని ఫోటో తీసింది నేనే. చిన్నప్పుడు మేం మేకలు తోలుకెళ్లి, అవి నాలుగు ఆకులు మేసేలోపు చుట్టూ తిరిగి వచ్చేసే గుట్ట అది.

ఇప్పుడు కొత్తగా కెమెరా పట్టుకున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, "అంకుల్, ఫిష్‌ఐ లెన్స్‌తోని గుట్టలు ఎట్ల తియ్యాలె?" అని అడుగుతుంటారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక రాసి పెడుతున్నాను. నాకు జరిగిన సన్మానాల గురించి రాయను. మొత్తం రెండు శాలువాలు వచ్చాయి, ఒకటి చలికాలంలో పనికొస్తోంది. నేను చేసిన పనేమిటో, అందులో ఎక్కడ బోల్తా పడ్డానో మాత్రం రాస్తాను.

మా సారు, ఆయన విశాల ప్రపంచం

అంతకుముందు నాకు శంషాబాద్ బస్టాండు దగ్గర చిన్న స్టూడియో ఉండేది. పాస్‌పోర్టు ఫోటోలు, పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు. విమానాశ్రయం రాగానే నా స్టూడియోకి ఎదురుగా అద్దాల తలుపుల స్టూడియో ఒకటి వచ్చింది. అందులో ఫోటోతో పాటు చల్లగాలి కూడా ఇచ్చేవారు. నేను ఫ్యాన్ మాత్రమే ఇవ్వగలిగేవాణ్ని. ఏడాది తిరక్కముందే షట్టర్ దించి, ఒక పబ్లిసిటీ ఏజెన్సీలో ఫోటోగ్రాఫర్‌గా చేరాను.

దాని యజమాని శేషగిరి గారు. కోస్తా నుంచి వచ్చి చాలాకాలంగా నగరంలో స్థిరపడ్డారు. మహా మర్యాదస్తుడు, తిట్టినా చివర 'అండి' చేర్చి తిట్టేవారు. ప్లాట్లు అమ్మే వెంచర్లవాళ్లకు బ్రోచర్లు వేయించడం మా ఏజెన్సీ పని. ఇటు జల్‌పల్లి నుంచి అటు హిమాయత్ సాగర్ దాకా ఎక్కడ నాలుగు తెల్లరాళ్లు పాతినా అక్కడికి నేను కెమెరాతో వెళ్లాల్సిందే. బ్రోచర్‌లో 'లోయ' అని ఉంటే రింగురోడ్డు కోసం మట్టి తవ్వుకుపోయిన గుంత అని అర్థం. 'సెలయేరు' అంటే ఏమిటో చెప్పను, కొందరు అక్కడే ఇళ్లు కట్టుకున్నారు పాపం.

ఒకరోజు సారు ఉబ్బిన గాజుకన్ను లాంటి లెన్స్ ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు.

"అంజయ్య గారూ, ఇది ఫిష్‌ఐ అండి. ఈ మూల నుంచి ఆ మూలకి నూట ఎనభై డిగ్రీలు పడతాయట. ఇకనుంచి మన వెంచర్‌లో ప్రపంచమంతా కనిపించాలి."

"వెంచర్ పక్కనే పందుల దొడ్డి ఉంది సార్. అది కూడా పడుతుంది" అన్నాను.

"అది తప్ప మిగతా ప్రపంచమండి" అన్నారాయన, ఏమాత్రం నవ్వకుండా.

గుమ్మడికాయ మీద ప్లాట్లు

ఆ లెన్స్‌తో నేను తీసిన మొదటి ఫోటోలో గుట్ట ఉంది, ఆకాశం ఉంది, తెల్లరాళ్లున్నాయి, కింద నా చెప్పుల ముందుభాగాలు కూడా ఉన్నాయి. అచ్చయ్యేదాకా ఎవరూ చూడలేదు. "బ్రోచర్‌లో ఈ కాళ్లు ఎవరివండి?" అని సారు అడిగితే, "కొనడానికి వచ్చినవాళ్లవి సార్" అన్నాను. ఆ జవాబు ఆయనకు నచ్చింది. నాకు ఉద్యోగం నిలిచింది. మీరు మాత్రం తీసేముందు మీ కాళ్లు, నీడ, పొట్ట, స్టాండు కాళ్లు ఫ్రేములో ఉన్నాయేమో చూసుకోండి. ఫిష్‌ఐకి మొహమాటం ఉండదు.

రెండో ఫోటో ఇంకా ఘనం. నేల బాగా కనపడాలని కెమెరాను కిందికి వంచి తీశాను. దిగంతం నడుమ పైకి లేచి, రెండు అంచులా కిందికి జారిపోయింది. "భూమి గుండ్రంగా ఉందని చూపించారండి, అంతర్జాతీయ స్థాయి!" అని సారు మురిసిపోయారు. బాలాపూర్ నుంచి ప్లాటు చూడ్డానికి వచ్చిన పెద్దమనిషి ఒకాయన మాత్రం బ్రోచర్‌ను అటూ ఇటూ తిప్పి నన్నడిగాడు.

"ఏంది అన్నా, గీ ప్లాట్లు గుమ్మడికాయ మీద కొట్టిన్రా? రేపు గట్టిగ వానొస్తె నా ఇల్లు జారి పక్కోని ప్లాట్ల పడదా?"

ఆయన మళ్లీ రాలేదు. ఫోటోగ్రఫీ గురించి అంత సూటి విమర్శ నాకు ఇంకెవరి దగ్గరా దొరకలేదు.

అప్పుడు నేర్చుకున్నాను. దిగంతం గీత సరిగ్గా ఫ్రేము నడుమ నుంచి పోతే తిన్నగానే ఉంటుంది. కెమెరా కిందికి వంచితే అది గుమ్మడికాయ అవుతుంది, పైకెత్తితే గంగాళం అవుతుంది. ఆ వంపు కావాలనుకున్నప్పుడు వాడుకోండి, తెలియక వాడుకోకండి. ఇంకోటి, దూరం నుంచి గుట్టను పెద్దగా చూపిస్తుందన్న ఆశ వదిలేయండి. నిలబడి తీస్తే సగం ఆకాశం, సగం మట్టి వస్తాయి, గుట్ట చీమల బారులాగా నడుమ ఎక్కడో ఉంటుంది. వెళ్లి ఏదైనా బండకు మూరెడు దూరంలో కూర్చోండి. దగ్గరున్నది ఏనుగంత అవుతుంది, దూరమున్నది ఎలకంత అవుతుంది. ఆ తేడాలోనే మీకు కొండ దొరుకుతుంది.

ఎంత దగ్గరుంటే ఎంతవుతుందో నాకు మొదట్లో లెక్క తెలియలేదు. అందుకని ఒక అలవాటు చేసుకున్నాను. ప్రతి ఫోటోకీ నేను కూర్చున్న చోటు నుంచి దూరాన కనపడే ఇల్లో చెట్టో దాకా నడిచి, అడుగులు లెక్కపెట్టి, జేబు డైరీలో రాసుకునేవాణ్ని. సాయంత్రం ఫోటో పక్కన ఆ అంకె పెట్టుకుని చూస్తే లెన్స్ దూరాన్ని ఎంత సాగదీసిందో అర్థమయ్యేది. మంచి అలవాటు, మీరూ చేసుకోండి. రాసుకున్న అంకెను ఏం చేయాలో మాత్రం నన్ను చూసి నేర్చుకోకండి.

సారు అడిగిన ఒక ప్రశ్న

సారుకు ప్రతి బ్రోచర్‌లోనూ గుట్ట మీదుగా పోతున్న విమానం కావాలి, అదీ పెద్దగా. నేను ఎండలో కూర్చుని కూర్చుని, విమానం వచ్చినప్పుడు తీసి తెచ్చాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని మరీ వెతికారు.

"ఇది దోమలా ఉందేమిటండి?"

"ఈ లెన్స్ అంతే సార్. దూరంగా ఉన్నదాన్ని ఇంకా దూరం తోసేస్తుంది."

ఆయన ఫోటోను బల్ల మీద పెట్టారు. తర్వాత నెమ్మదిగా, "అంటే... దగ్గరలో ఉన్న ఇంటిని కూడా దూరంగా చూపించొచ్చా అండి?" అన్నారు.

నేను ఉత్సాహంగా, పాఠం చెప్పే పంతులులాగా, "ఎంత కావాలంటే అంత సార్" అన్నాను. నా జీవితంలో ఎవరికైనా ఫోటోగ్రఫీ బాగా నేర్పానంటే అది ఆయనకే.

యాదమ్మ బండ

కొన్ని నెలలకు సారు నన్ను ఒక గుట్ట దగ్గరికి పంపారు. దాని పేరు రాయను. ఊరికి ఒక పక్కగా ఉంటుంది, ఉండేది. దాని అడుగున పరుపులా పరుచుకున్న పెద్ద బండ. దాని మీద ఎర్రగా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. బండకు ఎదురుగా ఒక పెంకుటిల్లు, ఇంటి ముందు బోరు, రెండు బర్రెలు. ఆ ఇల్లు యాదమ్మది. అరవై దగ్గర ఉంటుంది ఆమెకు. పెనిమిటి పోయాక కొడుకుతో అక్కడే ఉంటోంది.

"గుట్ట దగ్గర్నుంచి ఊరివైపు తీయండి. ఇళ్లు బాగా దూరంగా కనిపించాలి" అన్నారు సారు.

"ఎందుకు సార్?"

"క్లయింటు ప్రశాంతత కోరుకుంటున్నారండి."

క్లయింటు ఎవరో నాకు తెలుసు. ఆఫీసు ముందు ఆగిన జీపు మీద కంకర కంపెనీ పేరు చదివాను. గుట్టకు తూటాలు పెట్టి పేల్చేవాడికి ప్రశాంతత ఎందుకని నేను అడగలేదు. తెలియక చేశానని చెప్పుకుంటే బాగానే ఉంటుంది. తెలిసే చేశాను. నా దృష్టంతా ఈ ఫోటో ఎంత బాగా వస్తుందన్న దాని మీదే ఉంది.

బండ చివర ఒక గుండు రాయి పక్కన, దాదాపు దానికి చెంప ఆనించి కూర్చున్నాను. దిగంతం సరిగ్గా నడుమ పెట్టాను. గుండు కొండంత వచ్చింది, బండ మైదానంలా పరుచుకుంది, మిరపకాయలు ఎర్రటి మరకయ్యాయి, యాదమ్మ ఇల్లు ఎక్కడో ఆకాశం అంచున అగ్గిపెట్టెలా నిలబడింది. వంపు లేదు, చెప్పులు లేవు. నిజం చెప్పాలంటే నేను తీసిన ఫిష్‌ఐ ఫోటోలన్నిటిలో అదే గొప్పది.

అలవాటు ప్రకారం గుండు దగ్గర నుంచి ఇంటిదాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్లాను. నూట పద్నాలుగు. డైరీలో రాసుకుంటుంటే యాదమ్మ బయటికొచ్చింది.

"ఏం రాస్తున్నవ్ తమ్మీ?"

"ఏం లేదక్కా, ఫోటో సంగతి."

"ఎండల మొకమంత కమిలిపాయె. జర కూసో, సల్ల పోస్త."

రెండు చెంబులు తాగాను. మంచి మజ్జిగ, ఉప్పు సరిగ్గా పడింది.

షామియానా కింద

ఇళ్లకూ పేలుళ్లకూ మధ్య తగినంత దూరం ఉండాలని నియమమేదో ఉందట. అందుకని ఊరి బడి ముందు షామియానా వేసి ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. ప్రజలు వచ్చారు, అభిప్రాయం ఇంకా రావాల్సి ఉంది. వేదిక మీద అధికారి, పక్కన కంపెనీవాళ్లు, వాళ్ల వెనక మా సారు. ఆ కార్యక్రమాన్ని ఫోటోలు తీసే పని కూడా నాకే అప్పగించారు. పాపం కంపెనీవాళ్లకు వేరే ఫోటోగ్రాఫర్ తెలియదు మరి.

వేదిక పక్కన నా ఫోటోను మంచమంత పెద్దదిగా చేయించి నిలబెట్టారు. కింద రాసిన వాక్యం నాది కాదు. "గుట్ట పరిసరాలు. నివాసాలు సుదూరంగా ఉన్నవి." కంపెనీ మనిషి కర్రతో అగ్గిపెట్టెను చూపించి, చాలా దూరం సార్, అని చెబుతున్నాడు. అధికారి తల ఊపుతున్నారు. నేను ఆయన తల ఊపుతున్నది ఫోటో తీశాను.

యాదమ్మ లేచింది. నెమ్మదిగా ఫోటో దగ్గరికి నడిచి వచ్చి, ఆ ఎర్రటి మరక మీద వేలు పెట్టింది.

"గివి నా మిరపకాయలు సారూ. గీ బండ మీద నేనే ఆరవోసిన. మరి గీ అగ్గిపెట్టె ఎవలదో నాకు సమజైతలేదు. మా ఇల్లయితె, నేను బండ మీదికెళ్లి కేకేస్తె నా బర్రె పలుకుతది. గింత దూరం ఎట్లాయె?"

జనం నవ్వారు. కంపెనీ మనిషి, "ఫోటో అబద్ధం చెబుతుందా అమ్మా?" అన్నాడు.

ఆమె షామియానా అంతా చూసింది. స్తంభం పక్కన కెమెరాతో నిలబడ్డ నన్ను గుర్తుపట్టింది.

"గీ తమ్మినే తీసిండు. తీసి మా ఇంటికొచ్చి సల్ల తాగిండు. ఆయన నడిసిండు గదా, ఆయన్నే అడుగున్రి. చెప్పు తమ్మీ, బండ కాడికెళ్లి మా ఇంటికి ఎన్ని అడుగులుంటయి?"

అధికారి నా వైపు తిరిగారు. "చెప్పండి. దగ్గరా, దూరమా?"

డైరీ నా చొక్కా జేబులో ఉంది. అంకె నాకు నోటికి వచ్చు. వేదిక మీద మా సారు నన్నే చూస్తున్నారు, చాలా మర్యాదగా.

నేను గొంతు సవరించుకుని, "అది వైడ్ లెన్స్ సార్" అని మొదలుపెట్టాను. ఫోకల్ లెంగ్త్ అన్నాను. దృక్కోణం అన్నాను. ముందున్న వస్తువుకూ వెనకున్న వస్తువుకూ మధ్య సాపేక్షంగా కనిపించే తేడా అన్నాను. ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. అంత పొడుగ్గా, అంత శాస్త్రీయంగా నేను మళ్లీ ఎప్పుడూ మాట్లాడలేదు. నేను ముగించేసరికి అధికారి గడియారం చూసుకుంటున్నారు. "ఫోటోగ్రాఫర్ సాంకేతిక వివరణ ఇచ్చారు" అని ఆయన పక్కనున్న గుమాస్తా రాసుకున్నాడు.

యాదమ్మ మాత్రం నా నోటివైపే చూస్తూ నిలబడింది. అంకె వస్తుందని ఎదురుచూస్తున్నట్టుంది. తర్వాత వెళ్లి కూర్చుంది.

అక్కడ ఇంకెవరూ లేచి ఒక్క నిమిషం నడిచి చూద్దామనలేదు. బడి నుంచి ఆ బండ ఎంతో దూరం లేదు. ఫోటో ఉండగా నడవడమెందుకని అనుకున్నారేమో.

ఆ తర్వాత

పర్మిషన్ వచ్చింది. సారు నాకు స్వీటు డబ్బా ఇచ్చి, "మీ వివరణ అద్భుతమండి" అన్నారు. నేనప్పుడే పని మానేసి ఉంటే ఈ రాత ఇంకా గొప్పగా ఉండేది. మానలేదు. ఇంకో మూడేళ్లు అదే లెన్స్‌తో గుంతలను లోయలు చేశాను. సారును తిట్టి నా చేతులు కడుక్కుందామని మీరనుకోకండి. ఆయనకు కావలసింది ఆయన అడిగారు, చేసింది నేను.

ఫిష్‌ఐ చెడ్డదని కూడా నేను చెప్పను. గుట్ట మీద పొద్దున్నే కూర్చుని, మబ్బులు తల చుట్టూ తిరిగివచ్చేట్టు తీసిన ఫోటోలు నా దగ్గర కొన్నున్నాయి, ఇప్పటికీ చూసుకుంటే సంతోషమేస్తుంది. తీసేది అందం కోసమా, సాక్ష్యం కోసమా అన్నది ముందు అడిగి తెలుసుకోండి. సాక్ష్యం కోసమైతే మామూలు లెన్స్ పెట్టండి. వద్దంటే ఫోటో కింద మీ పేరు వేయొద్దని చెప్పి ఇంటికి పొండి. ఇది నేను సులభంగా రాస్తున్నాను, చేయడం కష్టమని నాకు తెలుసు.

2014లో, పని మానేసిన నెలలోనే, ఆ గుట్ట వైపు వెళ్లాను. గుట్ట లేదు. దాని చోట నీళ్లు నిలిచిన పెద్ద గొయ్యి ఉంది. ఇప్పుడు నిజంగానే లోయ, బ్రోచర్‌లో వేసుకోవచ్చు. యాదమ్మ ఇంటికి గోడలు పగిలి, ఒకవైపు పెంకులు కూలి ఉన్నాయి. బోరు ఎండిపోయాక బర్రెలను అమ్మేశారని, శంషాబాద్‌లో కిరాయి ఇంట్లో ఉంటున్నారని పక్క పొలం ఆయన చెప్పాడు. వెతుక్కుంటూ వెళ్లాను.

సందులో ఒంటి గది. గడప ముందు కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూడగానే గుర్తుపట్టింది. "రా తమ్మీ, కూసో" అని పీట జరిపింది. ఆ మర్యాదకు దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ పోయాయి. తప్పు చేశానక్కా, అన్నాను.

"నువ్వు ఫోటో తీస్తివని నాకు కోపం లేదు" అంది ఆమె, గింజలు తీస్తూనే. "గది నీ పని. అడిగితె చెప్పకపోతివి, గదే నాకు కడుపుల ఉండిపాయె."

"నూట పద్నాలుగక్కా" అన్నాను. "బండ దగ్గర్నుంచి మీ గడపకు నూట పద్నాలుగు అడుగులు. ఆరోజు నా జేబులోనే ఉంది."

ఆమె చేతులాపి నా మొహంలోకి చూసింది.

"నాకెందుకు చెప్తున్నవ్ తమ్మీ? ముప్పై ఏండ్లు నడిసిన, నాకు తెల్వదా? గా రోజు అడిగిన సారుకు చెప్పేదుండె."